విషపు మట్టిలో బ్యాక్టీరియాకు పేరు పెట్టడం ఎందుకు?

మన పల్లెల్లో పాత తరం రైతులకు గమాక్సిన్ పొడి బాగా తెలుసు. బి.హెచ్.సి. అన్నా అదే. పురుగును చంపే గుణమంతా అందులో పది, పదిహేను శాతం మాత్రమే ఉండే గామా రూపానిది. దాన్నే లిండేన్ అంటారు. ఆ ఒక్కదాన్నీ విడదీసి అమ్మిన కర్మాగారాల దగ్గర టన్ను లిండేన్‌కు 8 నుంచి 12 టన్నుల పనికిరాని రూపాలు మిగిలాయి. వాటిని ఆరుబయట కుప్పలు పోశారు. మన దేశం 1997లో బి.హెచ్.సి.ని నిషేధించింది, 2009లో స్టాక్‌హోం ఒప్పందం లిండేన్‌ను కూడా నిషేధ జాబితాలో చేర్చింది. అయినా మట్టిలో చేరింది అక్కడే ఉంది. లక్నో శివారులో ఉమ్మరి గ్రామం దగ్గరి కుప్ప అలాంటిదే. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన రూప్‌లాల్ బృందం ఆ నేలలో కొత్త బ్యాక్టీరియా జాతులను గుర్తించి, ఒకదానికి ఆ ఊరి పేరే కలిపి స్ఫింగోబియం ఉమ్మరియెన్స్ అని పెట్టింది. నేల విషంతో నిండి ఉంటే పేర్లు పెడుతూ కూర్చోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ నేలను బాగుచేసే పని ఆ పేరుతోనే మొదలవుతుందని నా నమ్మకం.

విషాన్ని విడగొట్టే బ్యాక్టీరియాను పట్టుకోవడం చూడముచ్చటైన పని. మట్టిని నీళ్లలో కలిపి, పలుచన చేసి, లిండేన్ కలిపిన అగార్ మీద పూస్తారు. లిండేన్ నీటిలో సరిగా కరగదు కాబట్టి పెట్రీ డిష్ అంతా తెల్లగా మసకబారి ఉంటుంది. విషాన్ని విడగొట్టగల బ్యాక్టీరియా పసుపు చుక్కలా పెరిగితే, దాని చుట్టూ మసక తొలగి వలయం ఏర్పడుతుంది. ఆ జీవి ఏం చేయగలదో ఈ వలయం చెబుతుంది, అది ఏ జాతిదో చెప్పదు. అందుకు ముందు 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును తెలిసిన జాతులతో పోలుస్తారు. దగ్గరి బంధువుల మధ్య అది చాలదు. రెండు జీవుల మొత్తం డీఎన్‌ఏ ఒకదానితో ఒకటి 70 శాతం కన్నా తక్కువగా జతకడితే అవి వేరు జాతులు. ఇప్పుడైతే జన్యుక్రమాలనే పక్కపక్కన పెట్టి, 95, 96 శాతం పోలికను హద్దుగా చూస్తున్నారు.

ఈ శ్రమ వృథా కాదనడానికి 2005 నాటి ఒక ఫలితం చాలు. లిండేన్‌ను విడగొట్టే మూడు బ్యాక్టీరియాలు అప్పటికి మూడు దేశాల్లో దొరికాయి: భారత్‌లో బి90ఏ, జపాన్‌లో యూటీ26, ఫ్రాన్స్‌లో ఎస్‌పీ ప్లస్. మూడింటినీ స్ఫింగోమోనాస్ పాసిమొబిలిస్ అనే ఒకే పేరుతో పిలిచేవారు. డీఎన్‌ఏలను పోల్చి చూస్తే అవి మూడు వేర్వేరు జాతులని తేలింది. వాటికి వరసగా స్ఫింగోబియం ఇండికం, జపానికం, ఫ్రాన్సెన్స్ అని పేర్లు పెట్టారు.

విషాన్ని విడగొట్టేవి లిన్ అనే జన్యువులు కదా, జాతి పేరుతో పనేముంది అనవచ్చు. నిజమే, ఆ జన్యువులు మూడింటిలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. కానీ మూడూ ఒకే జాతి అనుకున్నంత కాలం ఆ పోలిక వంశపారంపర్యంగా వచ్చిందనే అనిపిస్తుంది. జాతులు వేరని తేలాకే అసలు ప్రశ్న ఎదురైంది: వేర్వేరు ఇళ్లలో ఒకే సొత్తు ఎలా ఉంది? ఆ జన్యువుల పక్కనే ఐఎస్6100 అనే కదిలే డీఎన్‌ఏ ముక్క ఉంది. అంటే ఇవి ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరగలవు. నేలలో ఈ శక్తి ఎలా వ్యాపిస్తుందో ఊహించడానికి ఇది పెద్ద ఆధారం.

రెండో అభ్యంతరం ఇంకా సూటైనది. ప్రయోగశాలలో పనిచేసింది పొలంలో పనిచేయదు, తేమ, గాలి, తిండి అన్నీ కుదరాలి. ఇది కాదనలేను. అయితే ఇండికం బి90ఏను మొక్కజొన్న కండెల పొడిలో పట్టించి కలుషిత మట్టిలో కలిపితే విషం గణనీయంగా తగ్గింది. అలా చల్లేముందు చల్లుతున్నదేమిటో తెలియాలి. వీటి పాత పేరైన పాసిమొబిలిస్ జాతి ఆసుపత్రుల్లో బలహీనులైన రోగులకు ఇన్‌ఫెక్షన్ తెస్తుందని వైద్యులకు తెలుసు. ఆ పేరుతో ఉన్నదాన్ని పొలంలో పోయమని ఏ రైతుకు చెప్పగలం? కొత్త జాతిగా గుర్తింపు రావాలంటే దాని సజీవ నమూనాను రెండు దేశాల భాండాగారాల్లో భద్రపరచాలని నియమం. దానివల్ల మరెవరైనా అదే బ్యాక్టీరియాను తెప్పించుకుని, అది ప్రమాదకరమో కాదో, చెప్పినంత పని చేస్తుందో లేదో స్వయంగా పరీక్షించవచ్చు.