టామీ ఎవరి వాటా?

పెళ్లి పెటాకులైన ఇంటి ముందు మినీ వ్యాన్ ఆగుతుంది. పెద్దమనుషుల చేతిలో నోటుబుక్కులోంచి చింపిన కాగితం. దాని మీద సారె సామాను లెక్క: డబుల్ కాట్ ఒకటి, బీరువా ఒకటి, ఫ్రిజ్జు, గ్రైండరు, ఇత్తడి బిందెలు రెండు, స్టీలు సామాన్ల బస్తా. ఒక్కొక్కటీ వ్యానెక్కుతుంటే అబ్బాయి బాబాయి టిక్కు పెడతాడు, అమ్మాయి మేనమామ మళ్లీ మొదటినుంచి లెక్క చూస్తాడు. గరిటెల దగ్గర కూడా మాటామాటా పెరుగుతుంది. ఇంత హడావిడిలో అందరి కాళ్లకూ అడ్డం పడుతూ, ఊరెళ్తున్నాం కాబోలనుకుని తోకూపే కుక్క మాత్రం ఆ కాగితంలో ఉండదు.

విడాకులంటే బంగారం, కట్నం, భరణం, పిల్లలు. వకీలు అడిగేవీ, మనం చెప్పేవీ ఇవే. కుక్క మాట ఎత్తడానికి నామోషీ. కుక్క కోసం కోర్టుకెక్కారట అని ఊళ్లో నవ్వుతారని భయం. కానీ పిల్లలు పుట్టకముందే విడిపోతున్న జంటలకు కలిసి పెంచిన ప్రాణి అదొక్కటే కావచ్చు. అప్పుడు మిగిలే అసలు తగాదా దాని గురించే.

ఒక జంటనూ, వాళ్ల కుక్క టామీనీ ఊహించుకుందాం. అబ్బాయిది తెనాలి, పెళ్లీ అక్కడే. కాపురం బాపట్లలో. ఇప్పుడు అమ్మాయి రేపల్లెలో పుట్టింట ఉంటోంది. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట గానీ, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోట గానీ, ఆమె తానే కేసు వేస్తే ప్రస్తుతం ఉంటున్న చోట గానీ వేయొచ్చు. అంటే మూడు ఊళ్లూ పనికొస్తాయి. ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి వింటారు. విడాకులకు 13, ఇద్దరూ ఒప్పుకుంటే 13-బి, పిల్లలకు 26, పెళ్లినాటి ఉమ్మడి కానుకలకు 27. ఏ సెక్షన్ తిరగేసినా టామీ కనబడదు.

మన చట్టం కళ్లకు కుక్క చరాస్తి. బీరువా ఎంతో అదీ అంతే. 27వ సెక్షన్ వర్తించాలంటే పెళ్లప్పుడో, ఆ ముందువెనకలో వచ్చిన కానుకై ఉండాలి, ఇద్దరికీ చెందినదై ఉండాలి. మొదటి పెళ్లిరోజుకు కొనుక్కున్న లాబ్రడార్ పిల్ల అందులోకి రాదు. అదే పెళ్లిలో అమ్మాయికి పుట్టింటివాళ్లు ఇచ్చిన కుక్కపిల్ల అయితే స్త్రీధనం. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులోనే తేల్చింది. 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో ఇంకో అడుగు వేసి, ఆమె అధికారం ఇవ్వకుండా కన్నతండ్రి కూడా దాన్ని తిరిగి అడగలేడంది. కొనిచ్చింది నాన్నే అయినా కుక్క నాన్నది కాదన్నమాట.

మరి రెండో మనిషి కుక్కను పట్టుకుని ఇవ్వనంటే? వకీళ్లకు ఇక్కడ 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ అక్కరకొస్తుంది. డబ్బు పరిహారంగా ఇస్తే తీరని వస్తువైతే, ఆ వస్తువునే వెనక్కి ఇప్పించమని అందులోని 7, 8 సెక్షన్ల కింద అడగొచ్చు. ఇరవై వేలు పారేస్తా, ఇంకోటి కొనుక్కో అనేవాడికి ఇదే జవాబు. అయితే హక్కు నాదని ముందు రుజువు చేసుకోవాలి. కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్, కొన్న రశీదు, మున్సిపల్ లైసెన్సు, పశువుల డాక్టరు దగ్గరి టీకాల కార్డు ఎవరి పేర ఉన్నాయన్నది అప్పుడు ప్రాణం పోసుకుంటుంది. నాటుకుక్కను వీధిలోంచి తెచ్చి పెంచినవాళ్లకు రశీదెక్కడిది? వాళ్లకు టీకాల కార్డే దిక్కు.

రామచిలుక పంజరం ఉన్న జంటకు మాత్రం ఒక ఉచిత సలహా. ఆ తగాదాను కోర్టు మెట్లెక్కించకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద మన చిలుకను పెంచడమే నేరం. ఇద్దరికీ దక్కదు సరికదా, ఇద్దరూ కలిసి జవాబు చెప్పుకోవాలి.

పెద్ద నగరాల్లో ఈ గొడవలు అప్పుడే బయటికొచ్చాయి. 2023లో ముంబై బాంద్రా మేజిస్ట్రేట్ కోర్టు ముందు గృహహింస కేసులో ఒక 55 ఏళ్ల మహిళ తనతోపాటు తన మూడు రాట్‌వీలర్ల పోషణకూ డబ్బు అడిగారు. కుక్కలకు భరణమేమిటని భర్త. పెంపుడు జంతువులు కూడా గౌరవప్రదమైన జీవితంలో భాగమేనని, తెగిన బంధాలు మిగిల్చిన వెలితిని అవి పూడుస్తాయని చెప్పి కోర్టు నెలకు 50,000 రూపాయల మధ్యంతర భరణం ఇప్పించింది. ఢిల్లీలో ఎంపీ మహువా మొయిత్రా, న్యాయవాది జై అనంత్ దెహద్రాయ్‌ల మధ్య హెన్రీ అనే రాట్‌వీలర్ గురించి వ్యాజ్యం నడిచింది. వాళ్లు భార్యాభర్తలు కూడా కారు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అని 2025లో హైకోర్టే అడిగింది. మన పెద్దమనుషులు అరుగు మీద అనే మాటే.

బయటి దేశాలు ఈ విషయంలో ముందున్నాయి. కాలిఫోర్నియాలో 2019 నుంచి జడ్జి పెంపుడు జంతువు బాగోగులు చూసి ఎవరికివ్వాలో చెప్పొచ్చు. స్పెయిన్‌లో 2022 జనవరి నుంచి విడాకుల్లో ఉమ్మడి సంరక్షణకూ చట్టమే దారి చూపింది. అవన్నీ మనకూ కావాలని వాదించేవాళ్లున్నారు. నాకంత ఆత్రం లేదు. పిల్లల కస్టడీ కేసులే ఏళ్ల తరబడి వాయిదాలు పడే కోర్టుల్లో పన్నెండేళ్లు బతికే కుక్కకు తీర్పు వచ్చేసరికి ఏం మిగులుతుంది? అన్నం పెట్టిన చెయ్యి ఎవరిదని అడిగే అలవాటు వస్తే చాలు. అందుకు స్పెయిన్ దాకా పోనక్కర్లేదు.

మన పల్లెల్లో దూడను పాలికివ్వడం పాత పద్ధతి. కొన్నది ఒకరు, మేపేది ఇంకొకరు. గడ్డి కోసుకొచ్చి, కుడితి పెట్టి, కాలవలో కడిగి పెంచుతారు. ఈనాక ధర కట్టి పంచుకుంటారు. కొన్నవాడి డబ్బుకు ఎంత విలువో మేపినవాడి చాకిరీకీ అంత విలువ ఉందని ఒప్పుకున్న లెక్క అది. రాతకోతలేమీ ఉండవు. చట్టానికి రశీదే కనబడేచోట, పాలిలెక్కకు గడ్డిమోపు కూడా కనబడింది.

మర్యాదరామన్న కథలో నలుగురు పత్తి వ్యాపారులు ఒక పిల్లిని కొని తలో కాలు పంచుకుంటారు. కాలు విరిగితే, ఆ కాలి వాటాదారు నూనెగుడ్డ కట్టాడు. దానికి నిప్పంటుకుని పిల్లి పరుగెత్తితే పత్తి తగలబడింది. గుడ్డ కట్టినవాడే నష్టం కట్టాలని మిగతా ముగ్గురూ ఫిర్యాదు. కుంటికాలితో పిల్లి పరుగెత్తలేదు, మోసుకెళ్లింది మీ మూడు కాళ్లే కాబట్టి మీరే అతనికి కట్టండన్నాడు రామన్న. చిన్నప్పుడు తెలివికి నవ్వుకున్న కథే. కట్టు కట్టిన ఒక్కడి పక్షాన తీర్పు నిలబడిందని చాలామంది గమనించరు.

కాబట్టి తూచాల్సినవి ఇవి. తెల్లవారుజామున గొలుసు పట్టుకుని బయటికి తీసుకెళ్లేదెవరు? కోడి కాళ్లూ మెడలూ పసుపేసి ఉడికించి అన్నంలో కలిపేదెవరు? దీపావళి రాత్రి మంచం కింద దూరితే పక్కన కూర్చునేదెవరు? ఆపైన రేపటి సంగతి: ఎవరికి సొంతిల్లుంది? కుక్క ఉందంటే అద్దెకివ్వని ఓనర్లే ఎక్కువ. చాలా జంటల విషయంలో నిజాయితీగా జవాబిస్తే అది ఆయనదీ కాదు, ఆమెదీ కాదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోతే పగలంతా చూసుకున్న అత్తగారిది. ఆ మాట ఒప్పుకోవడం మహా కష్టం.

వారం నీ దగ్గర, వారం నా దగ్గర అని సినిమాల్లోలా రాసుకునేవాళ్లు ఒకసారి రైల్వే నిబంధనలు చూడాలి. ఏసీ ఫస్ట్‌క్లాసులో కూపే మొత్తం తీసుకుంటేనో, బ్రేక్‌వ్యాన్‌లో వేస్తేనో తప్ప కుక్కను రైలెక్కనివ్వరు. తెనాలి–రేపల్లె ప్యాసింజర్‌కు ఏసీ ఫస్ట్‌క్లాసు ఎక్కడిది? మిగిలేది ఆటో, లేకపోతే స్కూటీ. ముసలి కుక్కను ఎండలో వారం వారం తిప్పడంకన్నా ఒకరి దగ్గరే ఉంచి, రెండోవాళ్లు వచ్చి చూసుకోవడం నయం.

ఏమీ తేలక దాన్ని ఏ కాలవగట్టునో వదిలేసి వస్తే 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. జరిమానా మొదటి తప్పుకు పది నుంచి యాభై రూపాయలు. అరకిలో చికెన్ కూడా రాని ఆ అంకె ఇన్నేళ్లలో మారలేదు.

పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లు ఒప్పంద పత్రంలో దానికో పేరా కేటాయించుకోవాలి. ఎవరి దగ్గర ఉంటుంది, రాబీస్ టీకా ఖర్చెవరిది, ఆపరేషన్ అవసరమైతే ఎవరెంత భరిస్తారు, చూడ్డానికి ఎప్పుడు రావొచ్చు, ఉంచుకున్నవాళ్లు దేశం దాటితే ముందు ఎవరికి అప్పగించాలి. కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు 1987 న్యాయసేవల చట్టం ప్రకారం డిక్రీతో సమానం. దాని మీద అప్పీలుండదు. ఇవన్నీ ఎందుకండీ, జడ్జిగారు నవ్వుతారు అని వకీలుగారు ఆ పేరా కొట్టేయబోతారు. నవ్వితే నవ్వనివ్వండి, ఉంచమనండి. గ్రైండరుకు ఒక లైను రాసినవాళ్లు దీనికి నాలుగు లైన్లు రాయొచ్చు.