సులైబియాలో ఫోను, మన పాత టిక్కెట్టు

కువైటు నగరమునకు పడమర దిక్కున, జహ్రా ప్రాంతములో సులైబియా అనే చోటు కలదు. ఎడారిలో కూరగాయల తోటలు, పాడి పశువుల శాలలు. నగరపు మురుగునీటిని శుద్ధిచేసే పెద్ద కర్మాగారము 2004లో అక్కడే వెలసింది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల తెలుగువారు వేలమంది కువైటు ఇండ్లలోను, ఇటువంటి తోటలలోను కష్టపడుతున్నారు. వారి బ్రతుకులో ఫోను ఎంత దూరము చొచ్చుకొని పోయినదో చూస్తే, మారిషస్ తెలుగువారమైన మనకు మన పెద్దల రోజులు జ్ఞాపకము వస్తవి.

మన పూర్వులలో చాలామంది కోరంగి రేవులో ఓడ ఎక్కినారు. అందుకే ఇక్కడివారు మనలను కోరంగీలన్నారు. ఇంటికి ఒక కబురు చేరాలంటే నెలలు పట్టేది. ఎందరి కబురో చేరనే లేదు. నేటి తోటకూలి పొద్దు గుంకగానే ఐమోలోనో వాట్సాప్‌లోనో భార్య ముఖము చూస్తాడు, బిడ్డ అన్నము తిన్నదా అని అడుగుతాడు. ఇది చిన్న మేలు కాదు.

అయితే ఫోను కబురుతో ఆగలేదు. 2020 నుండి కువైటులో బతాకా, అనగా గుర్తింపు కార్డు, ఫోనులోనే చూపవచ్చు. 2021లో వచ్చిన సాహెల్ అనే ప్రభుత్వ యాప్ మొదట కొన్నేళ్లు అరబ్బీలో మాత్రమే ఉండేది. అరబ్బీ చదవలేనివాడు మరొకరి చేతికి ఫోను ఇవ్వవలసిందే గదా!

మారిషస్‌లో 1867 చట్టము మన పెద్దల చేతికి ఫోటో అంటించిన టిక్కెట్టు ఇచ్చింది. అది వెంట లేకపోతే పోలీసు పట్టుకొనేవాడు. ఆ బాధలపై 1871లో తొమ్మిది వేలకు పైగా కూలీలు విన్నపము పెట్టుకొన్నారు. మరుసటి ఏడు రాయల్ కమిషన్ వచ్చింది.

టిక్కెట్టుకు నోరు లేదు, ఫోనుకు ఉన్నది. 2024 జులైలో కువైటు ఎడారిలో పశువులు కాసే అన్నమయ్య జిల్లావాడు ఏడుస్తూ తీసిన వీడియో ఊరూరా తిరిగింది. మంత్రి నారా లోకేశ్ పట్టించుకొనగా అతడు ఇల్లు చేరినాడు. కాని 2019లో బి.బి.సి. బయటపెట్టిన సంగతి కూడా వినాలి: ఇదే ఫోనులోని యాప్‌లలో పనిమనుషులను అమ్మకానికి పెట్టినారు!

ఇంటి పనివారి పాస్‌పోర్టు యజమాని దాచుకోరాదని కువైటు 2015 చట్టము. అయినను ఫోను లాగుకొన్న యజమానుల సంగతి హక్కుల సంఘాలు వ్రాసినవి. అప్పుడు ఆ ఆడమనిషి ఎవరిని పిలువగలదు? నంబర్లన్నీ ఆ ఫోనులోనే. నోటికి ఒక్కటీ రాదు.