గది ఉష్ణోగ్రత అంటే ఎంత? – కర్నూలు, కడప ప్రాంతాల ప్రయోగశాలలకు కొన్ని సూచనలు

విద్యార్థుల ప్రయోగ పుస్తకాలలోను, సిద్ధాంత వ్యాసాలలోను తరచుగా కనిపించే వాక్యం ఒకటి ఉంది: "నమూనాను గది ఉష్ణోగ్రత వద్ద ఉంచి పరీక్షించడమైనది." చూడటానికి నిర్దోషమైన వాక్యమే. కానీ ఆ గది ఏ ఊరిలో ఉంది, పరీక్ష ఏ నెలలో జరిగింది అన్నది తెలియనిదే దానికి అర్థం లేదు. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో డిసెంబరు, జనవరి వేకువ వేళల్లో ఉష్ణోగ్రత 17, 18 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాలలో 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. అంటే ఏడాదిలో 20 డిగ్రీలకు పైగా మారే ఒక పరిస్థితిని మనం ఒకే మాటతో పిలుస్తున్నాం. గాలిలో తేమ కూడా అంతే. మే మధ్యాహ్నం 30 శాతానికి దిగువకు పడిపోయే తేమ, సెప్టెంబరు వానల్లో దానికి రెట్టింపు దాటుతుంది.

ఈ చిక్కును ప్రమాణాలు రూపొందించినవారు ఎరుగనిది కాదు. అంతర్జాతీయ ప్రమాణం పరీక్షా వాతావరణానికి 20, 23, 27 డిగ్రీలను ప్రత్యామ్నాయాలుగా పేర్కొన్నది. భారతీయ ప్రమాణం ఐఎస్ 196, 1966లోనే మన శీతోష్ణస్థితికి దగ్గరగా ఉన్న 27 డిగ్రీలను, రెండు డిగ్రీల హెచ్చుతగ్గులతో, ఎంచుకొని, దానికి 65 శాతం సాపేక్ష తేమను జతచేసింది. కనుక మన దేశంలో "గది ఉష్ణోగ్రత"కు ఒక అంకె ఉంది. రాయలసీమలోని శీతలీకరణ లేని గది సంవత్సరంలో ఎన్నో నెలలు ఆ అంకెకు అందదు.

ముందుగా ఆదోని పత్తిని ఉదాహరణగా తీసుకుందాం. పత్తి పోగు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ తగ్గితే పోగు బలం కూడా తగ్గుతుంది. పత్తికి అంగీకరించిన ప్రామాణిక తేమ 8.5 శాతం. ఎండాకాలంలో మార్కెట్టు నుండి తెచ్చిన దూదిని, 65 శాతం తేమ గల వాతావరణంలో కొన్ని గంటలు ఉంచి సమతుల్యతకు తేకుండా, నేరుగా యంత్రంలో పెడితే పోగు బలం ఉన్నదానికన్నా తక్కువగా నమోదవుతుంది. ఆ తక్కువ అంకె పత్తి రకానిది కాదు, ఆనాటి గాలిది. అయినా నష్టపోయేది పత్తి పండించిన రైతు. ధాన్యం నింపే గోనె సంచుల విషయమూ ఇటువంటిదే. జనపనార ప్రామాణిక తేమ 13.75 శాతం కాబట్టి ఒకే సంచి మే నెలలో ఒక తూకం, సెప్టెంబరులో మరొక తూకం తూగుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు భూసార పరీక్షలో ఉంది. పంట కోసిన తరువాత, మళ్ళీ విత్తే ముందు మట్టి నమూనాలు తీయమని మనమే చెబుతాం. అందువలన నమూనాలు ప్రయోగశాలకు గుట్టలుగా వచ్చేది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే. విద్యుత్ వాహకతను తెలిపే విలువలన్నీ 25 డిగ్రీల వద్దవి. ద్రావణం ఒక్కొక్క డిగ్రీ వేడెక్కిన కొద్దీ వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 0.85 డెసిసీమెన్లు ఉన్న మట్టి ద్రావణాన్ని, ఉష్ణోగ్రత సవరణ లేని మీటరుతో 37 డిగ్రీల వద్ద కొలిస్తే 1.05 చూపుతుంది. మన ప్రయోగశాలలు పాటించే వర్గీకరణలో 1కి లోపు సాధారణ నేల. 1 దాటితే మొలకకు ఇబ్బంది కలిగించే నేల. నేల మారలేదు, రైతు చేతికి అందే పత్రంలోని మాట మారింది.

భాస్వరం సంగతి మరింత సూక్ష్మం. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు సున్నపు నల్లరేగళ్ళకు మనం వాడేది ఓల్సెన్ పద్ధతి, 8.5 ఉదజని సూచిక గల సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో అరగంట కుదిపి, వడకట్టి కొలుస్తాం. ఆ పద్ధతిని 1954లో ప్రకటించిన ఓల్సెన్, ఆయన సహచరులే ఉష్ణోగ్రత ప్రభావాన్ని కూడా లెక్కగట్టారు: 20, 30 డిగ్రీల మధ్య ప్రతి డిగ్రీకి కిలో మట్టిలో సుమారు 0.43 మిల్లీగ్రాముల భాస్వరం ఎక్కువగా బయటికి వస్తుంది. 25కు బదులు 30 డిగ్రీల వద్ద కుదిపితే పెరుగుదల 2 మిల్లీగ్రాములు దాటుతుంది. హెక్టారుకు లెక్కిస్తే దాదాపు 5 కిలోలు. భాస్వరం తక్కువ అనే తరగతికి గీత ఉన్నదే హెక్టారుకు 10, 11 కిలోల దగ్గర. ఆ గీతకు చేరువలో ఉన్న పొలం వేసవి పరీక్షలో 'మధ్యస్థం' అవుతుంది, ఎరువు సిఫారసు తగ్గుతుంది. 30 డిగ్రీలకు పైన ఈ లెక్కను అలాగే పొడిగించడం సరికాదు. అక్కడ సవరించడానికి ప్రయత్నించడం కన్నా, కుదిపే గదినే 25 డిగ్రీలకు తెచ్చుకోవడం సులభం. గాజు సామగ్రి విషయంలో అంత కలవరం అక్కరలేదు. 27 డిగ్రీలకు గుర్తు పెట్టిన ఫ్లాస్కును 40 డిగ్రీల వద్ద నింపితే నీటిలో తేడా అర శాతం లోపే.

విత్తనాల దగ్గరకు వస్తే విషయం కొంత ఆసక్తికరంగా మారుతుంది. విత్తనపు తేజాన్ని త్వరగా అంచనా వేయడానికి, దానిని 40 నుండి 45 డిగ్రీల వేడిలో, దాదాపు నూరు శాతం తేమలో మూడు నాలుగు రోజులు ఉంచి, తరువాత మొలక శాతం చూస్తాం. దీనిని త్వరిత వార్ధక్య పరీక్ష అంటాం. ఆ పెట్టెలో మనం ప్రత్యేకంగా సృష్టించే వేడి, నంద్యాలలో మే నెలలో రేకుల గోదాములోకి నడచివెళితే ఉచితంగా దొరుకుతుంది. అయితే ఆ పెట్టెలోని తేమ మాత్రం ఆ గోదాములో లేదు. హారింగ్టన్ సూత్రం ప్రకారం నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినప్పుడు ఒకసారి, విత్తనంలోని తేమ 1 శాతం తగ్గినప్పుడు మరొకసారి విత్తనపు ఆయుష్షు రెట్టింపవుతుంది. 25 నుండి 35 డిగ్రీలకు పెరిగితే ఆయుష్షు నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ పొడిగాలికి తేమ 9 నుండి 7 శాతానికి తగ్గితే పోయినదంతా తిరిగి వస్తుంది. ఇది స్థూలమైన లెక్కే అయినా, రాయలసీమ వేసవి విత్తనానికి కేవలం శత్రువు కాదని దీనివలన తెలుస్తుంది.

అసలు ప్రమాదం వేసవి తరువాత. పప్పుశనగ ఫిబ్రవరిలో ఇంటికి వస్తుంది, అక్టోబరులో తిరిగి నేలలో పడుతుంది. ఏప్రిల్, మేలలో ఎండిన గింజ గోనె సంచిలోనే ఉంటే జులై నుండి తేమను మళ్ళీ పీల్చుకుంటుంది. అప్పటికి వేడి పూర్తిగా తగ్గదు, పుచ్చుపురుగు కూడా అదే సమయంలో విజృంభిస్తుంది. అందువలన మే నెలలో బాగా ఆరిన విత్తనాన్ని తొలకరికి ముందే తేమ చొరబడని సంచిలోకి మార్చమని రైతులకు చెప్పడం, ఎప్పుడైనా ఆరబెట్టుకోండి అని చెప్పడం కన్నా ప్రయోజనకరం. ధ్రువీకరణ నియమాల ప్రకారం పప్పుశనగ విత్తనానికి కనీస మొలక 85 శాతం, వేరుశనగకు 70 శాతం. రెండింటికీ తేమ 9 శాతం మించరాదు. పరీక్ష ఫలితం తొలిసారి తొమ్మిది నెలలు చెల్లుతుంది. నవంబరులో పరీక్షించిన వేరుశనగకూ, జూన్ చివర పరీక్షించిన దానికీ గడువు ఒకటే. మొదటిది నిండు వేసవిని దాటాలి. రెండవదానికి మార్చితో గడువు ముగిసిపోతుంది. నియమాన్ని మనం మార్చలేము గానీ, విత్తే ముందు ఇంట్లో ఒక్కసారి మొలక చూసుకోమని చెప్పవలసినది ఏ రైతుకో దీనినిబట్టి నిర్ణయించుకోవచ్చు.

మొలక పరీక్షను కూడా గది వేడికి వదలరాదు. వేరుశనగకు 25 డిగ్రీలు గాని, 20–30 మధ్య మార్పిడి గాని నిర్దేశించారు. 38 డిగ్రీల గదిలో పేపరు చుట్ట పూటలోనే ఆరిపోతుంది, నల్లబూజు లేస్తుంది. మంచి విత్తనం కూడా తిరస్కరణకు గురవుతుంది. శీతల గిడ్డంగి నుండి తెచ్చిన పప్పుశనగ ప్యాకెట్టును వెంటనే విప్పితే గింజలపై నీటి పొర పడుతుంది, తేమ శాతం తప్పుగా వస్తుంది. విప్పకుండా గది వేడికి రానిచ్చి, ఆ తరువాత తెరవాలి.

ఇక ఆహార పదార్థాలు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం సూర్యనంది, రేనాడు వంటి కొర్ర రకాలను అందించిన తరువాత కొర్ర బియ్యం, పిండి, లడ్డూలు చేసి అమ్మే మహిళా సంఘాలకు మనం శిక్షణ ఇస్తున్నాం. వారు మొట్టమొదట అడిగే ప్రశ్న: "ప్యాకెట్టు మీద ఎన్ని రోజులని వేయమంటారు సార్?" చిరుధాన్యాల తవుడులో కొవ్వు ఉంటుంది. పిండి పట్టగానే కొవ్వును విడగొట్టే ఎంజైము దానితో కలుస్తుంది, ఆమ్లత పెరుగుతుంది, రుచి చెడుతుంది. సజ్జపిండి త్వరగా చేదెక్కుతుందని మన ఇళ్ళలో పెద్దలకు పరీక్ష లేకుండానే తెలుసు. అందుకే కొంచెం కొంచెంగా పట్టించేవారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చెడే వేగం రెట్టింపవుతుందని అనుకుంటే, 25 డిగ్రీల గదిలో 60 రోజులు నిలిచిన పిండి 35 వద్ద 30 రోజులు, 40 వద్ద 21 రోజులు నిలుస్తుంది. చల్లటి నగరంలో చేసిన పరీక్షను చూసి, ఆళ్ళగడ్డ దుకాణంలో వేలాడే ప్యాకెట్టుపై 60 రోజులు అని వేస్తే, మూడు వారాల తరువాత కొన్నవారు మళ్ళీ ఆ సంఘం సరుకు ముట్టరు.

ఈ రెట్టింపు లెక్క కూడా అన్నింటికీ వర్తించదు. బెల్లంతో చేసిన వేరుశనగ చిక్కీ ఒక హద్దు దాటితే మెత్తబడి అంటుకుంటుంది. 40 డిగ్రీల ఫలితాన్ని 30కి దించి చెప్పడం అక్కడ చెల్లదు. మరోవైపు, 75 శాతం తేమ గల పెట్టెలో మెత్తబడిన జంతికలు మే నెల కర్నూలులో కరకరలాడుతూనే ఉంటాయి. అందువలన నిల్వ పరీక్షను రెండు పరిస్థితులలో జరపాలి: వేసవికి 40 డిగ్రీలు, తక్కువ తేమ, వానాకాలానికి 30 డిగ్రీలు, ఎక్కువ తేమ. రెండింటిలో ముందుగా చెడిన దాని గడువునే చీటీపై వేయాలి.

దీనికి ఖరీదైన పరికరాలు లేనివారు కనీసం ఒక గరిష్ఠ–కనిష్ఠ ఉష్ణమాపకాన్ని, ఒక తేమమాపకాన్ని నమూనాల బల్ల దగ్గరే, కిటికీ ఎండకు దూరంగా, వేలాడదీయవచ్చు. మట్టి ద్రావణాల కొలతలు ఉదయం తొమ్మిదిలోపు ముగించవచ్చు. ప్రయోగ పుస్తకంలో తేదీ పక్కన రెండు గడులు అదనంగా గీసి, 'గది ఉష్ణోగ్రత' అన్న చోట ఆనాటి డిగ్రీలను, తేమ శాతాన్ని నింపాలి; మార్గదర్శకులు సంతకం చేసే ముందు ఆ గడులు ఖాళీగా ఉన్నాయేమో చూడాలి.