దిగుడులో లారీని ఆపేది గేరే

పది డిగ్రీల వాలు కంటికి పెద్దగా ఆనదు. కానీ 10 టన్నుల లారీ దాని మీద నిలిస్తే, బండిని కిందికి లాగే బలం సుమారు 1.7 టన్నుల బరువుకు సమానం. వాలు 20 డిగ్రీలైతే అది దాదాపు రెట్టింపవుతుంది. తారురోడ్డు మీద టైరు పట్టు ఆ లాగుడును తట్టుకుంటుంది. పాడేరు, మారేడుమిల్లి వైపు మన్యం గూడేలకు వెళ్లే మట్టిబాటల్లో, అందులోనూ వానకు తడిసిన ఎర్రమట్టి మీద, ఆ భరోసా ఉండదు.

అందుకే కొండ ఎక్కడం బండి దిగి నడవడంతో మొదలవ్వాలి. రాళ్లు కదులుతున్నాయా, వాననీరు ఎక్కడ కోసేసింది, పైకెక్కాక దారి ఎటు తిరుగుతుంది, ఇవన్నీ ముందే చూసుకోవాలి. కొండకొమ్ముకు చేరేసరికి డ్రైవరుకు ముందు ఆకాశమే తప్ప దారి కనబడదు. బరువైన సరుకు అడుగున, కదలకుండా కట్టి ఉండాలి. మూటలు వెనక్కి జారితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది.

గేరు కిందే ఎంచుకోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే లో రేంజి వేసుకోవాలి. సగం ఎక్కాక గేరు మార్చడానికి క్లచ్ తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ లంకె తెగుతుంది. వాలుకు ఎదురుగా నేరుగా ఎక్కాలి. ఏటవాలుగా పోతే బరువంతా కిందివైపు చక్రాల మీద పడుతుంది. అప్పుడు పైచక్రం చిన్న రాయెక్కినా బండి తిరగబడవచ్చు.

మధ్యలో ఇంజను ఆగిపోతే వెనక్కి తిప్పుకోవాలని చూడటం అన్నిటికన్నా ప్రమాదం. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, హ్యాండు బ్రేకు లాగి, ఇంజను స్టార్ట్ చేసి, రివర్స్ గేరులో వచ్చిన జాడల్లోనే నేరుగా దిగాలి. ఎయిర్ బ్రేకుల లారీలో ఇంజను ఆగాక ట్యాంకులో మిగిలిన గాలే దిక్కు. పదేపదే తొక్కితే అదీ అయిపోతుంది. చక్రం కింద రాయి పెట్టే క్లీనరు పక్కనుంచే పెట్టాలి. బండి వెనక ఎవరూ నిలబడకూడదు.

దిగుడు మరింత కష్టం. 10 టన్నుల లారీ 100 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడికి 30 లీటర్ల నీళ్లు మరుగుతాయి. ఆ వేడంతా డ్రమ్ముల్లోనే చేరుతుంది. డ్రమ్ము వ్యాకోచించి, లైనింగు పట్టు తగ్గి, ఎంత తొక్కినా పెడల్ కిందికే పోతుంది. మాడు వాసన మొదటి హెచ్చరిక. ఎక్కిన గేరులోనో, ఇంకా తక్కువ గేరులోనో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేయడం ప్రాణాలతో చెలగాటం. పైగా ఇప్పటి ఇంజన్లు గేరులో దిగేటప్పుడు, యాక్సిలరేటర్ వదిలితే, డీజిలు సరఫరాను ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే కొంత కాలుతుంది.

బురదలో బ్రేకు తొక్కగానే చక్రాలు బిగుసుకుని బండి జారితే, బ్రేకు వదలాలి. చక్రం తిరగడం మొదలైతేనే స్టీరింగు మాట వింటుంది. కాలిన డ్రమ్ముల మీద నీళ్లు పోస్తే బీటలు వారతాయి. చదును నేల మీద ఆపి, వాటంతటవే చల్లారేదాకా ఆగాలి.