వేసవి సెలవులు - ఖడ్గవిద్యా శిబిరములు

పరీక్షలు ముగిసి బడులు మూసినతోడనే పిల్లలున్న ప్రతి గృహమునను ఒకటే సమస్య: ఈ యెండకాలము వీరినేమి చేయవలయును? తాతగారి యూరికి బండి కట్టించు కాలము గతించినది. మామిడితోపులు ఇండ్లస్థలములైనవి. ఈదులాడుటకు చెరువు లేదు. ఉన్నచో నందు నీరు లేదు. ఇంట నుండు బాలుడు చేతిలోని తెరనుండి కన్నెత్తి చూడడు. ఇట్టి తరుణమున, ఈతకును చదరంగమునకును తోడు, ఫెన్సింగు, అనగా పాశ్చాత్యుల ఖడ్గక్రీడ, నేర్పు నివాస శిబిరములును వెలయుచున్నవి. రెండు మూడు వారములు పిల్లలచ్చటనే భుజించి, నిద్రించి, సాధన చేయుదురు. గోదావరి సీమకు చెందిన మిత్రులొకరు తమ కుమార్తెను అట్టి దానికి పంపవచ్చునా యని నన్నడిగిరి. "ఆడుపిల్ల, పరాయి చోటు, చేతికి కత్తి. మూడును నాకు భయమునే కలిగించుచున్నవి" అని వారి మాట. వారికి జెప్పిన సమాధానమునే కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

కత్తి సంగతి ముందు. ఈ క్రీడయందు ఆయుధములు మూడు: ఫాయిల్, ఎపే, సాబర్. ఫాయిల్, సాబర్‌లు అర్ధ కిలోగ్రామునకు లోబడియుండును; ఎపే 770 గ్రాములు మించరాదు. వేనికిని పదును లేదు. ఫాయిల్ మొన మొండెమునకు మాత్రమే తగులవలెను. ఎపే మొన శిరస్సునుండి పాదము వరకు ఎచ్చట తగిలినను చెల్లును. సాబర్ నడుమునకు పైభాగమున అంచుతోనైనను మొనతోనైనను తాకవచ్చును. తగిలినదో లేదో విద్యుద్దీపము చెప్పును. ఫాయిల్, సాబర్‌లయందు మరియొక ధర్మము గలదు. ఎదిరి ముందుగా దాడికి పూనినచో, దానిని తన కత్తితో వారించి గాని, తప్పించుకొని గాని ప్రతిఘాతమునకు పూనవలయును. అట్లుగాక ఇరువురును ఒక్కమారే తగిలించినచో, దాడి యెవ్వరిదో నిర్ణయించి న్యాయనిర్ణేత వానికే గెలుపిచ్చును. ఇది బాహుబలముకంటె తర్కశాస్త్రమునకు సమీపమైన యాట యని నా యభిప్రాయము.

అపాయము లేదనుట సత్యము గాదు. 1982వ సంవత్సరమున రోము నగరమునందలి ప్రపంచపు పోటీలలో, అంతకు రెండేండ్ల క్రిందటనే మాస్కో ఒలింపిక్ క్రీడలయందు స్వర్ణపతకమందిన సోవియట్ వీరుడు వ్లాదిమిర్ స్మిర్నోవ్, ప్రత్యర్థి ఫాయిల్ విరిగి ముసుగును చీల్చుకొని పోగా గాయపడి మరణించెను. ఆ దుర్మరణమునకు పిమ్మటనే కత్తులకు మేలైన యుక్కును, దుస్తులకును ముసుగులకును కఠినతరమైన పరీక్షలును ఏర్పడినవి. ఇప్పుడు పెద్ద పోటీలయందు ధరించు అంగీ 800 న్యూటనుల తాకిడిని, ముసుగు క్రింద కంఠమును కప్పు వస్త్రము 1600 న్యూటనుల తాకిడిని తట్టుకొనవలెను. శిబిరములయందు తరచుగా కలుగునవి మడమ బెణుకులు, అరికాలి బొబ్బలు. మన దేశమున కత్తికంటె నేను భయపడునది యెండకు. గుంటూరు సీమయందు మే నెలలో 45 డిగ్రీలు తాకు దినములు గలవు. ఆ యెండలో, గాలియాడని రేకుల కప్పు క్రింద, దట్టమైన యంగీ తొడిగి మధ్యాహ్నమున పిల్లలను పోరింపజేయు శిక్షకుని చేతికి బిడ్డ నప్పగింపరాదు. వడదెబ్బకు ముసుగు అడ్డము గాదు.

శిబిరమున మొదటి దినములు పిల్లలకు నిరాశాకరములు. కత్తి చేతికి రాదు. మోకాళ్లు వంచి, ముందరి పాదమును ఎదిరివైపునకును, వెనుకటి పాదమును అడ్డముగను నిలిపి, ముందున కొక యడుగు, వెనుకకొక యడుగు, ఇదియే ఉదయమంతయు. రంగస్థలము 14 మీటరుల పొడవు, రెండు మీటరులకు మించని వెడల్పు గల బాట. ప్రక్కలకు తప్పుకొను వీలు లేదు గావున దూరమును కొలుచుటయే విద్యలో సగము. పిదప గురువు ఒక్కొక్కరిని పిలిచి, తన కత్తితో సందిచ్చుచు, మూయుచు, పాఠము చెప్పును. సాయంకాలము అయిదు తాకిడుల పోరులు. అందు ఒకడు పోరుచుండ మరియొకడు న్యాయనిర్ణేతగా నిలిచి తీర్పు చెప్పవలెను. తన మిత్రుడోడెనని నోట చెప్పవలసి వచ్చినపుడు పదునాలుగేండ్ల బాలుడెట్లు నీళ్లు నమలునో చూచితీరవలెను. నివాసముండుటవలని లాభమిచ్చటనే. దినమున కొక గంట నేర్చి యింటికి బోవువాడు తన తప్పును మరచును. ఇచ్చట నదే తప్పు భోజనపంక్తిలో మరల చర్చకు వచ్చును. శిష్యునికి సంస్కృతమున అంతేవాసి యని పేరు. గురువుచెంత వసించువాడని యర్థము. ద్రోణునిచెంత నకులసహదేవులు ఖడ్గవిద్యలో మేటులైరని భారతము చెప్పుచున్నది. ఐనను అది యేండ్ల వాసము, ఇది పక్షము దినముల వాసము. పక్షము దినములలో వీరులను తయారు చేయుదుమను ప్రకటనలను నమ్మరాదు.

ఆడుపిల్ల యను సందేహమునకు ఉత్తరము చెన్నపట్టణముననే యున్నది. అర్చకుని కుమార్తెయగు భవానీదేవి 2004వ సంవత్సరమున బడిలో ఈ విద్య నారంభించెను. విద్యుత్కత్తులు ప్రియమగుటచే మొదట వెదురుకఱ్ఱలతో సాధన చేసెను. తన మొదటి విదేశపు పోటీకి తుర్కీ దేశమునకు బోయి, మూడు నిమిషములు ఆలస్యముగా వచ్చినందులకు నల్లకార్డు చూపి వెడలగొట్టబడెను. పిమ్మట కేరళలోని తలశ్శేరి శిక్షణకేంద్రమున నుండి నేర్చెను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలకు, ఈ విద్యయందు భారతదేశమునుండి అర్హత నందిన ప్రథమ వ్యక్తి యామెయే. అచ్చట ట్యునీషియా యువతిని 15-3 తాకిడులతో జయించి, తరువాతి పోరున ఫ్రాన్సు దేశపు మనోన్ బ్రూనే చేతిలో 15-7 తాకిడులతో ఓడెను. 1896 నుండి ఒలింపిక్ క్రీడలయందున్న ఈ యాటలో స్త్రీలకు సాబర్ లభించినది 2004లోనే. అనగా ఆమె కత్తి పట్టిన యేటనే.

పరాయి చోటను భయము మాత్రము న్యాయమైనది. దానిని నవ్వి త్రోసివేయరాదు. బాలికల వసతిలో రాత్రి యుండు స్త్రీ యెవరు? శిక్షకుడు పిల్లను ఒంటరిగా గదికి పిలుచునా? ఇంటికి మాటలాడుటకు వేళ గలదా? 2012లో బాలల రక్షణకై చట్టము వచ్చినది గాని, చట్టము కీడు జరిగిన పిమ్మట పలుకును. తండ్రి ముందే అడుగవలెను. ఈ ప్రశ్నలకు కోపగించు నిర్వాహకునికి నమస్కరించి వెనుకకు మరలుటయే మేలు.

మన గరిడీలు ఏమైనవని కొందరడుగుదురు. దసరాకును పీర్లపండుగకును కత్తిసాము, కఱ్ఱసాము చూపిన యూళ్లు మనకు గలవు. 1878వ సంవత్సరపు ఆయుధశాసనము కత్తినిగూడ అనుమతిపత్రముతో మాత్రమే ధరింపదగిన ఆయుధములలో చేర్చెను. తరువాతి ఉపేక్ష మనది. గరిడీ మరల తెరచువారుండిన సంతోషమే. అంతవరకు పరదేశపు కత్తియైనను పట్టిన పిల్ల, ఏదియు పట్టని పిల్లకంటె మేలు.

ఖర్చు తక్కువది గాదు. కత్తి, ముసుగు, అంగీ, లోహపు చొక్కా, తీగెలు అన్నియు కొన్నచో మధ్యతరగతి గృహస్థునకు భారమగును. మొదటి వేసవికి శిబిరమువారే యరువిచ్చునట్లు చూచుకొనవలెను. పిల్ల రెండవ వేసవికి తానై పోయెదనన్నపుడు కొనవచ్చును. క్రీడల కోటాలో సీటు కొఱకు యోగ్యతాపత్రము నాశించి పంపువారు సొమ్ము మిగుల్చుకొనుట మంచిది.

చివరకు మిత్రులతో ఒక సంగతి చెప్పితిని. వారి కుమార్తెది పుర్రచేతివాటము. అన్నము తినునపుడు ఆ చేతిపై నాయనమ్మ దెబ్బ పడుచుండెడిదని నేనెరుగుదును. ఖడ్గక్రీడలో పుర్రచేతివాడన్న ఎదిరికి గుండెదడ. కత్తి అలవాటులేని వైపునుండి వచ్చును. లోకమున పదింట ఇంచుమించు ఒకరుగా నుండు నీ వాటమువారు, పేరొందిన ఖడ్గవీరులలో అంతకంటె హెచ్చుగా కనబడుదురు. శిబిరమున అందరును సాధనకై అట్టివారినే వెదకుదురు. మిత్రులు చాలసేపు నవ్వి, శిబిరమెన్నటినుండి యని యడిగిరి.