మిల్లు చెడిందా, వడ్లు రాలేదా?

మా పెదనాన్నది మిర్యాలగూడ. చాలా ఏళ్లుగా రైస్ మిల్లులో గుమస్తా. పోయిన ఎండాకాలం ఛాతీలో మంటొస్తే గ్యాసేలే అని సోడా తాగి పడుకున్నాడు. కోదాడలో హాస్టల్లో ఉన్న నాకు తెల్లారి ఫోనొచ్చింది. అప్పటికే సూర్యాపేట తీసుకెళ్లారు. ఈసీజీ చూసి గుండెపోటొచ్చి చాలాసేపైందన్నారు. అక్కడి నుంచి హైవే మీద హైదరాబాద్. యాంజియోగ్రాంలో మూడు నాళాల్లోనూ అడ్డంకులు. ఎకోలో గుండె ముందుగోడ కదలట్లేదు.

నెల తర్వాత బైపాస్ మాటొచ్చింది. "ఆ కండ బతికుందో లేదో చూద్దాం" అన్నారు డాక్టరు. కదలని కండ బతికుండడమేంటి?

చచ్చిన కండ మచ్చగా మారుతుంది, ఇక కదలదు. కానీ రక్తం చాలనప్పుడు కొంత కండ పని తగ్గించుకుని ప్రాణం నిలుపుకుంటుంది. దీనికి 'హైబర్నేటింగ్ మయోకార్డియం' అన్న పేరును 1980ల్లో బాగా ప్రచారంలోకి తెచ్చింది బొంబాయిలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్ రహీంతులా. పెదనాన్నకి ఇది ఒక్క ముక్కలో అర్థమైంది: "వడ్లు రాకపోతే మిల్లు ఆపుతం. మిల్లు చెడినట్టా?"

మామూలు ఎకోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే డోబుటమిన్ అనే మందును సెలైన్‌లా సన్నగా ఎక్కిస్తారు. మొదట కిలో బరువుకు నిమిషానికి 5 మైక్రోగ్రాములు, తర్వాత 10, అలా అవసరాన్ని బట్టి 40 దాకా. పక్కన ఈసీజీ నడుస్తుంటుంది, బీపీ చూస్తుంటారు, షాకిచ్చే మెషీన్ సిద్ధంగా ఉంటుంది. ప్రతి దశలోనూ గోడను ముక్కలుగా విడదీసి, ఏ ముక్క మందమవుతోందో చూస్తారు. ఊరికే కదిలితే చాలదు, పక్క కండ లాగినా కదులుతుంది కదా!

బతికున్న కండ తక్కువ డోసుకు లేచి పనిచేస్తుంది. డోసు పెంచితే మళ్లీ చతికిలపడుతుంది. గోదాంలో ఉన్న నాలుగు బస్తాలు ఆడించేసరికి వడ్లు అయిపోయినట్టు. ఇలా లేచి పడిన ముక్కే, రక్తం అందితే కోలుకునే అవకాశం ఎక్కువున్న ముక్క. అసలు లేవనిది చాలావరకు మచ్చే.

ఈసీఈ వాణ్ణి కాబట్టి ఇదీ చెప్పాలి: 1953లో స్వీడన్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే ఫిజిసిస్టు మొదటిసారి గుండె కదలికల్ని పట్టింది లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రంతోనే. కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. 15 సెంటీమీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని రావడానికి 200 మైక్రోసెకన్లు కూడా పట్టదు.

అయితే ఈ టెస్టే తీర్పు కాదు. 1212 మందితో చేసిన స్టిచ్ అధ్యయనంలో, మందులకు బైపాస్ తోడైనవాళ్లలో పదేళ్లలో మరణాలు తగ్గాయి. కానీ అందులోనే కొందరికి ఈ పరీక్షలు చేస్తే, బతికున్న కండ ఉన్నవాళ్లకే బైపాస్ ఎక్కువ మేలు చేసిందని తేలలేదు (2011). 2022లో రివైవ్డ్ అధ్యయనంలో, బతికున్న కండ ఉన్నవాళ్లకు స్టెంట్లు వేసినా మరణాలు, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం తగ్గలేదు. కాబట్టి నాళాలు, షుగరు, వయసు అన్నీ కలిపి చూస్తారు.

పెదనాన్నకి ముందుగోడ పైభాగం లేచింది. కొస లేవలేదు.

"కొస మిల్లు ఇగ నడవదా సారూ?"

"నడవదు. మిగతావాటికి వడ్లు పంపిద్దాం."

బైపాస్ అయింది. మళ్లీ ఎకో వచ్చే నెల.