మత్తు సూదితోనా, గ్యాస్‌తోనా? ఆపరేషన్‌కి ముందు తెలుసుకోవాల్సింది

పోయిన నెల ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. 24 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, మర్నాడు పొద్దున ఆపరేషన్. నేను మత్తు డాక్టర్ని కదా, ముందురోజు చూసి ఫామ్ నింపాలి. "ఇంతకుముందు ఆపరేషన్‌లో ఏమైనా ఇబ్బంది అయిందా?" అన్న చోట "ఏమీ లేదు" అని రాసి ఉంది. ఆ అమ్మాయి మాత్రం ఒకటే అడుగుతోంది: "మేడమ్, నాకు మత్తు సూదితో ఇస్తారా, గ్యాస్‌తోనా? సూదిదే బెటర్ అట కదా, రీల్‌లో చూశా."

ఎందుకమ్మా అని అడిగితే అప్పుడు చెప్పింది. నాలుగేళ్ల కింద అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు వాంతులేనట. కుట్ల మీద చెయ్యి అదిమిపెట్టి కక్కుకున్నది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుందట. ఆ భయంతోనే ఏడాదిగా నొప్పి భరిస్తూ ఈ ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వచ్చింది. మరి ఫామ్‌లో ఎందుకు రాయలేదంటే, "వాంతులు అందరికీ అవుతాయి కదా మేడమ్" అంది.

సరే, అసలు తేడా ఏంటో చూద్దాం. పెద్దవాళ్లకి ఎక్కువగా మొదలు సూదితోనే. ప్రొపోఫాల్ అని పాలలా తెల్లగా ఉండే మందు. నరంలోకి వెళ్లిన అర నిమిషం, నిమిషంలో నిద్ర పట్టేస్తుంది. కానీ ఒక్క డోసు ప్రభావం కొన్ని నిమిషాలే. ఆపరేషన్ అయ్యేదాకా నిద్ర ఎలా నిలపాలి? అక్కడ రెండు దారులు.

ఒకటి గ్యాస్. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ లాంటి ద్రవాన్ని మెషిన్ ఆవిరి చేసి ఆక్సిజన్‌తో కలిపి ఊపిరితిత్తుల్లోకి పంపిస్తుంది. అక్కడి నుంచి రక్తం, రక్తం నుంచి మెదడు. రెండోది టీవా. అంటే గ్యాస్ అసలు లేకుండా, పంపు ద్వారా ప్రొపోఫాల్‌ని నరంలోకి ఎక్కిస్తూనే ఉండటం.

గ్యాస్‌కి ఒక పెద్ద ప్లస్ ఉంది. పేషెంట్ వదిలే ఊపిరిలో ఎంత గ్యాస్ ఉందో మానిటర్ మీద కనిపిస్తుంది. ప్రొపోఫాల్‌కి అలా ఊపిరి ఊపిరికీ చూపించే మీటర్ మామూలు థియేటర్లలో ఉండదు. వయసు, బరువు బట్టి లెక్క వేస్తాం. క్యాన్యులా కాస్త జారినా మందు నరంలోకి వెళ్లదు, మధ్యలో మెలకువ వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకే టీవాలో ఆ చేయి వీలైనంత వరకు కళ్లముందు ఉంచుకుంటాం, నుదుటి మీద స్టిక్కర్లు అంటించి మెదడు తరంగాలు చూస్తాం. భయపడకండి, ఇలాంటి మెలకువ చాలా అరుదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో చేసి 2014లో విడుదల చేసిన పెద్ద సర్వేలో, సుమారు 19,000 జనరల్ అనస్థీషియాలకి ఒక్క ఫిర్యాదు వచ్చింది.

టీవాకి ప్లస్ ఏంటి? వాంతులు, వికారం తగ్గుతాయి. ఆడవాళ్లకి, బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్లకి, ఇంతకుముందు మత్తు తర్వాత వాంతులైనవాళ్లకి రిస్క్ ఎక్కువ. సిగరెట్ తాగనివాళ్లకి కూడా ఎక్కువే. అలాగని ఎవరూ మొదలుపెట్టొద్దు!

ఇంకొకటి, చాలా సీరియస్. కొన్ని కుటుంబాల్లో మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అనే జన్యు సమస్య ఉంటుంది. వాళ్లకి ఈ మత్తు గ్యాస్‌లు ఇస్తే కండరాలు బిగుసుకుని, ఒళ్లు కాలిపోయి ప్రాణం మీదకి రావచ్చు. వాళ్లకి గ్యాస్ అస్సలు వద్దు, టీవానే. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు విపరీతమైన జ్వరం వచ్చినా, అనుకోకుండా చనిపోయినా, ఎంత పాత సంగతైనా తప్పకుండా చెప్పండి.

మరి గ్యాస్ చెడ్డదా? కానే కాదు. సూది అంటే ఏడ్చే పసిపిల్లలకి మాస్క్‌తో సెవోఫ్లూరేన్ ఇచ్చి నిద్రపుచ్చాకే సూది పెట్టొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకి సెవోఫ్లూరేన్ శ్వాసనాళాలని వదులు చేస్తుంది. వాంతుల రిస్క్ ఉన్నా, గ్యాస్‌తో పాటు ముందే వాంతుల మందులు ఇచ్చి చాలావరకు ఆపొచ్చు. అందరికీ ఒకటే బెస్ట్ అని ఏదీ లేదు.

ఆ అమ్మాయికి టీవానే ఇచ్చాం, వాంతులు రాకుండా రెండు మందులు కలిపి. సాయంత్రం వెళ్లి చూస్తే కాస్త వికారంగా ఉందంది, వాంతి మాత్రం కాలేదు. మర్నాడు ఇడ్లీ తిని ఇంటికెళ్లింది.

తను రీల్ చూసి అడిగినందుకు కాదు ఆ మత్తు ఎంచుకున్నది. తన పాత కథ చెప్పినందుకు. మీరూ అంతే. ఏ మత్తు కావాలో అడగండి, తప్పు లేదు. కానీ ముందు మీ సంగతులన్నీ చెప్పండి. ఫామ్‌లో "ఏమీ లేదు" అని రాసే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి, అమ్మానాన్నల్ని కూడా అడగండి.

మళ్లీ కలుద్దాం. జాగ్రత్త.